ఫాంటెయిన్స్ డీసీ ‘స్టార్‌బర్స్టర్’: వాళ్లు నవ్విన చోటే పాట ఉంది

మిగతావాళ్లకి అర్థమయ్యేలా ముందు నీ ప్రశ్నని కుదించి చెప్తాను తమ్ముడూ. నువ్వు అనంతపురం జేఎన్‌టీయూలో చదువుతున్నావు. 2024 ఏప్రిల్ 17న ఐర్లండ్ రాక్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డీసీ ‘స్టార్‌బర్స్టర్’ అనే సింగిల్ (ఆల్బమ్ కంటే ముందు విడిగా వచ్చే పాట) వదిలినప్పటి నుంచి నీ ఫోన్లో ఇంకో పాట లేదు. రూమ్‌లో వాళ్లేమో "ఏందిరా సామీ, వానికేమన్నా ఆస్తమానా?" అని నవ్వుతున్నారు. ఈ పాటలో నిజంగా విషయముందా, నాకే పిచ్చా అన్నావు. వాళ్లకి ఎట్లా వినిపించాలి, బ్యాండుకి నా వంతుగా ఏం చేయొచ్చు అని కూడా అడిగావు.

నేను ఈ ఊళ్లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించి, తర్వాత బెంగళూరులో స్టేజీ సౌండ్ పనిచేసి, ఇప్పుడు మళ్లీ ఇక్కడే సౌండ్ మిక్సర్ ముందు కూర్చునే మనిషిని. ఆ లెక్కన చెప్తున్నా: మీ రూమ్‌లో ఈ పాటని అందరికంటే బాగా విన్నది ఆ ఆస్తమా అన్న కుర్రాడే. నువ్వు పాటంతా ప్రేమించావు, అతను పాటలో అసలు చోటుని పట్టుకున్నాడు. నవ్వడానికి పట్టుకున్నాడు, అంతే తేడా.

పల్లవి దగ్గర గాయకుడు గ్రియన్ చాటెన్ నోరు తెరిచి గట్టిగా ఊపిరి లోపలికి పీలుస్తాడు చూడు. నీళ్లలో మునిగి పైకి తేలినవాడు పీల్చినట్టు. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్లో తనకి పానిక్ అటాక్ వచ్చిందని, పాట అందులోంచే పుట్టిందని చాటెనే చెప్పాడు. పానిక్ అటాక్‌లో మనిషి వేగంగా ఊపిరి తీసేస్తుంటాడు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. గాలి లోపలికి పోతున్నా చాలడం లేదనే అనిపిస్తుంది. దాన్ని ‘నాకు భయమేసింది, నాకు ఊపిరాడలేదు’ అని రాసి పాడేవాళ్లు వందమంది దొరుకుతారు. ఇతను మాట బదులు ఊపిరినే పెట్టాడు. అదీ పల్లవిలో, అంటే జనం కలిసి పాడాల్సిన చోట.

సౌండ్ పనిలో ఉన్నవాడికి ఇది ఇంకా వింతగా ఉంటుంది. మేం రోజూ చేసే పనుల్లో ఒకటి ఊపిరిని దాచడం. కంప్రెసర్ అనే యంత్రం గొంతులో పెద్ద శబ్దాల్ని అణిచి చిన్న శబ్దాల్ని పైకి తెస్తుంది. దాంతో గాయకుడు ఊపిరి తీసిన చప్పుడు కూడా పైకి లేస్తుంది. అందుకని రికార్డింగ్ అయ్యాక ఒక్కో ఊపిరినీ వెతికి తగ్గిస్తారు, కొందరు మొత్తంగా కోసేస్తారు. ఇక్కడ కల్యాణ మండపాల్లో పాడే మంచి గాయకుల్ని గమనించు, ఊపిరి తీసేటప్పుడు మైకుని పక్కకి తిప్పుతారు. ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటది. అట్లాంటి శబ్దాన్ని ఈ పాటలో తెచ్చి ముందు వరసలో, గొంతు కంటే గట్టిగా కూర్చోబెట్టారు. ఇది పొరపాటున జరిగే పని కాదు. ఈ పాట నిర్మాత జేమ్స్ ఫోర్డ్, ఆర్కిటిక్ మంకీస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండుతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఏది ఎంత వినిపించాలో అతనికి బాగా తెలుసు.

మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు కొసన నిలబడే పాట ఒకటుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘మాటే రాని చిన్నదాని’. 1990లో తమిళంలో వచ్చిన ‘కేళడి కణ్మణి’ని తెలుగులో ‘ఓ పాపా లాలి’గా తెచ్చారు, అందులోది, ఇళయరాజా సంగీతం. చరణం మొదలయ్యాక చివరిదాకా ఊపిరి తీసుకున్న జాడే వినిపించదు. నలభై దాటినవాళ్లని ఎవర్నైనా అడుగు, ఆ చరణాన్ని ఒక్క దమ్ములో పాడబోయి మధ్యలో ఆగిపోయినవాళ్లే అందరూ. ఊపిరి ఎక్కడా దొరక్కపోవడమే అక్కడ అద్భుతం. ఇక్కడేమో ఊపిరి తప్ప ఇంకేదీ దొరకని చోటొకటి పాట నడుమ పెట్టారు. రెండిట్లోనూ వినేవాడి ఛాతీ బిగుసుకుంటుంది. అన్నట్టు బాలు గారు ఇంజనీరింగ్‌లో చేరింది మీ కాలేజీలోనే. టైఫాయిడ్ వచ్చి మధ్యలో మానేశారు. మీ రూమ్మేట్లు ఈసారి ఆస్తమా అంటే, మీ కాలేజీ పాత సీనియర్ పాట ముందు పెట్టి, వెంటనే దీన్ని పెట్టు. నేను నీకిచ్చే సలహాల్లో అసలైనది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక మిగతా పాట సంగతి. మొదట్లో ఒక పాతకాలపు తీగవాయిద్యాల శబ్దం వస్తుంది, మెల్లోట్రాన్ తరహాది. మెల్లోట్రాన్ 1963లో ఇంగ్లండ్‌లో వచ్చిన కీబోర్డు. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్లో ఫ్లూటో ఉంటుంది. మీట నొక్కితే టేపు తిరుగుతుంది. సుమారు ఎనిమిది సెకన్లకి టేపు అయిపోతుంది. వేలు తీస్తే గానీ వెనక్కి చుట్టుకోదు. అంటే ఆ వాయిద్యానికి కూడా ఊపిరి ఎనిమిది సెకన్లే! బ్యాండు వాళ్లు ఇంత ఆలోచించి ఆ శబ్దాన్ని వాడారని నేననను, కానీ ఆ సంగతి తెలిశాక నాకు పాట వేరేగా వినిపిస్తోంది. దాని వెనకే డ్రమ్స్ దిగుతాయి. ఇది రాక్ డ్రమ్స్ నడక కాదు, హిప్‌హాప్ నడక. దాని మీద గొంతు దాదాపు రాప్ లాగా పరుగెత్తుతుంది. తర్వాత మధ్యలో ఒకచోట అంతా మెత్తబడి, రాగం వచ్చి, కలలో నడిచినట్టు సాగుతుంది. ఒకటి గమనించు. పాటలో గొంతు ఎంత తడబడినా డ్రమ్స్ మాత్రం తొణకవు. స్టేషన్లో నీకు ఊపిరాడకపోతే రైలు ఆగుతుందా? అనౌన్స్‌మెంట్లు ఆగుతాయా? ఆ తొణకని దెబ్బే నన్ను భయపెట్టింది, ఆ ఊపిరి కంటే ఎక్కువగా.

‘గొంతు బాగలేదు’ అనే ఫిర్యాదు కూడా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు. చాటెన్ గొంతు సినిమా గొంతు కాదు. సొంత డబ్లిన్ యాసలోనే పాడతాడు, అమెరికా వాడిలా పాడే ప్రయత్నమే చేయడు. బ్యాండు పేరులో డీసీ అంటేనే డబ్లిన్ సిటీ. మన సీమ యాస తెరమీద ఎప్పుడొస్తుంది? తొడ కొట్టినప్పుడు, లేదంటే కామెడీకి. ప్రేమకో దిగులుకో మన యాసలో పాట ఎన్నిసార్లు విన్నాం? వాళ్లు 2019లో మొదటి ఆల్బమ్ ‘డాగ్రెల్’ నుంచీ ఇంటి మాటతోనే పాడుతున్నారు. నాకు ఈ బ్యాండు మీద గౌరవం కలిగింది అక్కడే. ఇక గరుకు శబ్దం మనకి కొత్త అనుకుంటే అదీ అబద్ధమే. మన జిల్లా ఉరుముల వాళ్ల ఉరుమి డోలు విను. ఒక ముఖాన్ని వంకర పుల్లతో రుద్దితే వచ్చే ఆ మూలుగుని తియ్యగా ఉందని ఎవరంటారు? జాతరలో అది లేచిందంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. పుల్లతో చర్మాన్ని రుద్దిన శబ్దానికి ఒప్పుకున్న చెవి, గాలి పీల్చిన శబ్దానికి ఒప్పుకోలేకేం?

‘మాటలు అర్థం కావు’ అనేవాళ్లతో వాదించొద్దు. నిజమే, కావు. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరి నుంచి వచ్చిన ఆర్.ఇ.ఎం. అనే బ్యాండు 1981లో హిబ్‌టోన్ అనే చిన్న లేబుల్ (రికార్డుల కంపెనీ) మీద మొదటి సింగిల్ వేసినప్పుడు, గాయకుడు మైకేల్ స్టైప్ గొణుగుడులో సగం మాటలు ఎవరికీ అందలేదు. ఆ బ్యాండు ప్రపంచమంతా తిరిగింది. లిరిక్స్ తెరమీద పెట్టి వినిపిస్తే రూమ్మేట్లు పాటని పరీక్ష పేపర్ లాగా చదువుతారు. మొదటిసారి వద్దు. అడిగినప్పుడు చూపించు.

వాళ్ల అసలు ఇబ్బంది మాటలు కాదని నా అనుమానం. వాళ్లు మొట్టమొదట ‘ఏ సినిమాలోది?’ అని అడిగే ఉంటారు. మనకి పాట కథతో వస్తుంది. హీరో ఎవరు, ఎందుకు ఏడుస్తున్నాడు, ఎవరు విడిపోయారు అన్నీ తెలిసే వింటాం. బాగా లేని పాటక్కూడా సందర్భం చేయి అందిస్తుంది. సింగిల్‌కి ఆ చేయి లేదు. రెండు మాటల్లో ఆ సందర్భం నువ్వే చెప్పు: "పెద్ద రైల్వే స్టేషన్లో ఒకడికి ఊపిరాడలేదు, ఇది ఆ మూడున్నర నిమిషాలు." ఇంతకంటే ఎక్కువ చెప్పకు. బ్యాండు చరిత్ర, అవార్డులు, వాళ్లు కలిసి కవిత్వం పుస్తకాలు వేసుకున్నారనే సంగతి, అవన్నీ నీకు రుచి, వాళ్లకి సోది.

సినిమా లేని పాట మన వాళ్లకి ఎప్పుడూ లేదని మాత్రం అనుకోకు. సాలూరి రాజేశ్వరరావు ప్రైవేటు పాటలు గ్రామఫోన్ రికార్డుల మీద ఇంటింటా మోగాయి. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పట్టేది. పాట పొడుగు మూడు నిమిషాలకి అలవాటు పడింది అట్లానే. తర్వాత 1949లో ఆర్‌సీఏ విక్టర్ ఏడంగుళాల 45 రికార్డు తెచ్చింది, సింగిల్ అనే వ్యవహారం దాని మీదే పెరిగింది. రేడియోలో ‘ఈ మాసపు పాట’ అని నెలకొక కొత్త లలిత గీతం వచ్చేది. సినిమా లేదు, హీరో లేడు, పాటే. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని కాగితం మీద రాసుకునేవాళ్లు. ఇప్పుడు నువ్వు చేస్తున్నది వాళ్లకి కొత్తగా అనిపించదు, ఆ శబ్దం ఒక్కటే కొత్త.

వినిపించే పద్ధతి గురించి. ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టొద్దు. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతూ మోగుతుంది. ఫోన్ స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ కిందికి సరిగా దిగదు. అంటే ఈ పాటలో కింది నుంచి నెట్టే భాగమంతా పోయి, పైన ఆ పీల్పు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఆస్తమా అనక ఏమంటారు? పది మందికీ ఒకేసారి బ్లూటూత్ డబ్బాలో పెట్టడం కూడా వద్దు. నలుగురు ఉంటే ఒకడు జోక్ వేస్తాడు, ముగ్గురు నవ్వుతారు, పాట పోతుంది. ఒక్కొక్కరికి తీగ ఉన్న ఇయర్‌ఫోన్లిచ్చి వినిపించు. ముందుగా ఆ ఆస్తమా కుర్రాడికే. ఊపిరి రాబోయే ముందు చెప్పకు. అయిపోయాక అభిప్రాయం కూడా అడగకు. ఒకటి మాత్రం చూసుకో. ఎవరికైనా నిజంగా పానిక్ అటాక్‌లు వచ్చే అలవాటుంటే ముందే చెప్పి వినిపించు. వాళ్లకి అది తమాషాగా ఉండదు.   

బ్యాండుకి ఏం చేయొచ్చు అన్నావు. ఇక్కడ కొంచెం నిష్ఠూరంగానే చెప్తాను. రాత్రంతా ఆ పాటని తిప్పి పడుకోవడం వల్ల వాళ్లకి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటి వింటేనే ఒక ప్లేగా లెక్క. ప్లేకి ఇంత అని కట్టిన ధర ఉండదు. వచ్చిన డబ్బు నుంచి కంపెనీ తన వాటా తీసుకుని, మిగిలినదాన్ని మొత్తం ప్లేలలో ఎవరి భాగమెంతో చూసి పంచుతుంది. ఆ సొమ్ము లేబుల్ చేతిలోంచి దాటుకుని బ్యాండు దాకా వచ్చేసరికి నీ రాత్రి జాగారం లెక్కలోకి కూడా రాదు. పైగా మనిషి వినకుండా ఊరికే తిప్పినట్టు కనిపిస్తే వాటిని దొంగ ప్లేలుగా తీసేస్తారు.

ఇంకొకటి, ఈ బ్యాండు చిన్నదేం కాదు. రెండో ఆల్బమ్‌కి గ్రామీ నామినేషన్ వచ్చింది. 2022లో వచ్చిన మూడోది ‘స్కింటీ ఫియా’ బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ నంబర్ వన్ అయింది. అంతకుముందు పార్టిజన్ అనే లేబుల్‌తో ఉన్నారు, ఈ పాటతో ఎక్స్ఎల్ రికార్డింగ్స్‌కి మారారు. ఎక్స్ఎల్ అంటే ఇంగ్లిష్ గాయని అడెల్ ‘21’ ఆల్బమ్ వేసిన లేబుల్. యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు పెద్ద కంపెనీల చేతిలో లేదు కాబట్టి ఇండీనే, కానీ ఇల్లు గడవని ఇండీ కాదు. ఇండీ అనగానే గ్యారేజీలో నలుగురు పేద కుర్రాళ్లని ఊహించుకుని జాలిపడే అవసరం లేదు. వాళ్ల కోసం నువ్వు చేయగలిగింది ఒకటే. డబ్బులున్నప్పుడు ఏదో ఒకటి కొను. లేకపోతే ఊరికే విని ఆనందించు. అందులో సిగ్గేం లేదు.

అదే పిచ్చిని దగ్గర్లో ఉన్న బ్యాండు మీద పెడితే లెక్క మారిపోతుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక నిబంధన వచ్చింది: గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు దాటని పాటకి పైసా రాదు. డబ్లిన్ వాళ్లకి వెయ్యి అంటే టీ తాగేలోపు వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ తెలుగులో సొంత పాట వేసుకున్న కుర్రాళ్లకి వెయ్యి అంటే కొండ. అక్కడ నువ్వూ నీ హాస్టలూ కలిసి ఆ పాటని గీత దాటించగలరు. బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే సైటులో పెట్టిన పాట కొంటే ఇంకా మేలు. డిజిటల్ అమ్మకంలో ఆ సైటు తీసుకునేది పదిహేను శాతం. మిగిలినదాంట్లో చెల్లింపు ఖర్చులు పోను అంతా పాట వేసినవాళ్లదే.

వీటన్నిటికంటే ఎదురుగా వెళ్లి నిలబడటం గొప్ప సంగతి. మనం కూర్చున్నది బెంగళూరుకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నలభై నాలుగో నంబరు హైవే మీద. మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రి షోకి అందుకుంటావు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996లో మొదలైన బెంగళూరు బ్యాండు. స్వరాత్మ కన్నడంలో, హిందీలో పాడుతుంది. పర్వాజ్ ఉర్దూ, కశ్మీరీ పాటలతో పేరు తెచ్చుకుంది. స్టేజీ వెనక నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, రెండొందల మంది పట్టే హాల్లో ఇరవై మంది మొదటి వరసలో పాట తెలిసి నిలబడితే బ్యాండు వాయించే తీరే మారిపోతుంది. డ్రమ్మర్ చేతులు చూస్తే తెలిసిపోతుంది. ఊపిరి సంగతి కూడా అక్కడే అర్థమవుతుంది, ఎందుకంటే స్టేజీ మీద దాన్ని తగ్గించే టైమ్ మాకు ఉండదు. హాస్టల్లో రాత్రి రాలేనని చెప్పి బెంగళూరులోనే ఫ్రెండ్ రూమ్‌లో ఉండిపో. చీకట్లో బైకు మీద మాత్రం తిరిగి రావద్దు, ఆ హైవే మీద లారీలతో ఆటలొద్దు.

2024 ఆగస్టు 23న వాళ్ల ఆల్బమ్ ‘రొమాన్స్’ వచ్చింది, ఈ సింగిల్ దానికి ముందుమాట. ఇదొక్కటే తిప్పితే పాట అరిగిపోతుంది, నీకే విసుగొస్తుంది. వెనక్కి వెళ్లు. ‘డాగ్రెల్’ మొత్తం ఒక్కసారి, వరస మార్చకుండా విను. అది డబ్లిన్ వీధుల పరుగు. తర్వాత మధ్య ఆల్బమ్ వదిలేసి, కోపగించుకోకు, నాకది కొంచెం చల్లగా అనిపిస్తుంది, నేరుగా ‘స్కింటీ ఫియా’కి రా. దాని మొదటి పాట పేరు ఐరిష్‌లో ఉంటుంది, ‘ఎప్పటికీ మా గుండెల్లో’ అని అర్థం. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ అనే ఊళ్లో ఒక ఐరిష్ కుటుంబం తమ తల్లి సమాధి రాతి మీద ఆ మాట చెక్కించుకుంటామంటే, ఇంగ్లిష్ అనువాదం లేకుండా కుదరదని 2020లో చర్చి కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది అప్పీల్లో ఆ కుటుంబం గెలిచింది. పాట ఆ సంగతి మీదే. రాత్రి లైట్లు తీసేసి విను. ఆస్తమా కుర్రాడు అప్పటికి నీ వైపు తిరిగి ఉంటే ఒక ఇయర్‌ఫోన్ అతనికివ్వు. లేదంటే వదిలెయ్, రెండూ నీ చెవుల్లోనే పెట్టుకో, స్టీరియో పూర్తిగా దక్కుతుంది.